మూడు రోజుల్లో తగ్గి నెలకు తిరిగొచ్చే ముఖపు ఎరుపు: క్రీముల లెక్క ఏమిటి?

క్లుప్తంగా

ముఖం మీద వారాల తరబడి ఉండిపోయే ఎర్ర మచ్చల వెనక కనీసం అరడజను వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. ఒకదానికి పనికొచ్చే క్రీము ఇంకోదాన్ని పెంచుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే దొరికే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దాదాపు ఏ ఎరుపునైనా మూడు నాలుగు రోజుల్లో అణిచేస్తుంది, అసలు కారణాన్ని మాత్రం అలాగే ఉంచుతుంది. నెలల తరబడి రాస్తే కొత్త ఎరుపును తానే తెచ్చిపెడుతుంది. నిజంగా నయం చేసే పూత మందుల్లో ఎక్కువ వాటికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మొదటి రెండు వారాలు ముఖం కాస్త మండుతుంది కూడా. జనం క్రీములను ఎంచుకునే పద్ధతి ఈ రెండు కాలాల తేడా దగ్గరే తలకిందులవుతోంది.

గ్లాసుతో చేసే పరీక్ష

పలచటి గాజు గ్లాసు పక్కభాగాన్ని మచ్చ మీద ఆనించి, మెల్లగా నొక్కి, గాజులోంచి చూడాలి. చర్మవ్యాధి నిపుణులు గాజు పలకతో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం. నొక్కినప్పుడు ఎరుపు మాయమై, వదలగానే తిరిగొస్తే ఆ రంగు విప్పారిన సన్నని నాళాల్లోని రక్తానిది. గోధుమ రంగు అలాగే మిగిలితే అది మెలనిన్, అంటే పుండో మొటిమో మానిన చోట చర్మం అట్టేపెట్టుకున్న రంగు. నొక్కినా ఎరుపో ఊదారంగో కదలకపోతే రక్తం నాళాల బయటికి చేరిందన్నమాట. దానికి ఏ క్రీమూ రాయకుండా డాక్టరుకు చూపించాలి.

చామనఛాయ ముఖాల్లో మొదటి రెండూ తరచు కలిసే ఉంటాయి. విదేశీ పుస్తకాల ఫొటోల్లో ఉండే గులాబీ రంగు ఇక్కడ కనిపించదు. ఇటుక రంగు, రాగి రంగు, కొందరిలో ముదురు ఊదా. కంటికి ఎరుపు స్పష్టంగా దొరకదు కాబట్టి స్పర్శను అడగాలి: ఆ చోట చెయ్యి పెడితే వేడిగా ఉందా, సబ్బు తగిలితే మండుతోందా, దురదా, పొట్టు రాలుతోందా? మంట ఎక్కువై దురద తక్కువైతే రోజేషియా (ముఖం మధ్యభాగం తరచు కందిపోయే జబ్బు) వైపు, దురద ఎక్కువై అంచు పాకుతుంటే తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) వైపు అనుమానం మొగ్గుతుంది.

మచ్చ ఉన్న చోటు కూడా చాలా చెబుతుంది. ముక్కు పక్క మడతల్లో, కనుబొమల్లో జిడ్డు పొట్టుతో కూడిన ఎరుపు ఉండి, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. నోటి చుట్టూ చిన్న చిన్న గుల్లలు వచ్చి, పెదవిని ఆనుకుని సన్నని పట్టీలా చర్మం మామూలుగా మిగిలితే పెరియోరల్ డెర్మటైటిస్. బుగ్గల మీద, ముక్కు దూలం మీద సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుని, ముక్కు పక్క మడతలను మాత్రం వదిలేస్తే, రోగనిరోధక శక్తి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బైన లూపస్‌ను అనుమానించాలి. సెబోరిక్ డెర్మటైటిస్ సరిగ్గా కూర్చునే మడతనే లూపస్ తప్పించుకుంటుంది. స్కిన్ డాక్టర్లు ముందుగా చూసే గుర్తుల్లో ఇదొకటి.

మూడు రోజుల్లో తగ్గించేది ఏం చేస్తోంది

1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విటెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ పూత ఎగ్జిమాకు పనిచేస్తుందని చూపించారు. చర్మ వైద్యంలో అంతటి మలుపు మళ్లీ అరుదు. తర్వాతి పదేళ్లలో అంతకన్నా బలమైన స్టెరాయిడ్లు వరసగా వచ్చాయి. ఏది ఎంత బలమైనదో కొలవడానికి 1962లో మెకెంజీ, స్టౌటన్ ఒక పద్ధతి పెట్టారు. మందును ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద రాసి, ఆ చోట చర్మం ఎంత తెల్లగా పాలిపోతుందో చూడడమే ఆ పద్ధతి. నాళాలు ఎంత ముడుచుకుంటే అంత తెలుపు, అంత బలం. అంటే ఎరుపును కనబడకుండా చెయ్యడమే ఈ మందు బలానికి కొలబద్ద. జబ్బు ఏదైనా సరే, కారణం ఏదైనా సరే, రాసిన మూడో రోజుకు ముఖం తేటపడడంలో ఆశ్చర్యం లేదు.

ముఖం దగ్గర ఇది ఇంకా ఎక్కువగా జరుగుతుంది. ముంజేతి లోపలి వైపు చర్మం గుండా ఇంకే హైడ్రోకార్టిసోన్‌ను 1 అనుకుంటే, అరికాలి గుండా అందులో ఏడో వంతే ఇంకుతుంది. నుదుటి గుండా 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు ఇంకుతుంది. ఫెల్డ్‌మన్, మైబాక్ 1967లో ప్రచురించిన ఈ కొలతలే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పాదం మీద దురదకు డాక్టరు రాసిన ట్యూబు ఇంట్లో మిగిలి ఉంది కదా అని బుగ్గకు రాస్తే, అదే మందు బుగ్గలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా దిగుతుంది.

మొదటి కొన్ని వారాలు బాగానే గడుస్తాయి. లోపల మాత్రం వేరే పని మొదలవుతుంది. చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్‌ను తయారుచేసే కణాల పని స్టెరాయిడ్ వల్ల మందగిస్తుంది. చర్మం పలచబడుతుంది. చుట్టూ ఊతం తగ్గిన నాళాలు విప్పారి, ఎర్రటి దారపు పోగుల్లా పైకి కనిపిస్తాయి. రోగనిరోధక శక్తిని ఆ చోట అణిచి ఉంచడం వల్ల రోమకూపాల్లో ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మ కీటకాలు, బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. ఒకే సైజులో, ఒకే దశలో ఉన్న మొటిమల గుంపు తేలుతుంది. కొందరికి బుగ్గల మీద నూగు దట్టమవుతుంది. ఇక మందు ఆపగానే, ఇన్నాళ్లూ బలవంతంగా ముడుచుకుని ఉన్న నాళాలు మునుపటి కన్నా ఎక్కువగా తెరుచుకుంటాయి. ముఖం కందిపోతుంది, మండుతుంది. ‘ఆ క్రీము మానేస్తేనే ఎక్కువవుతోంది’ అనుకుని మనిషి మళ్లీ అదే ట్యూబు అందుకుంటారు. ఉచ్చు బిగుసుకునేది ఇక్కడే.

ఈ స్థితికి 2008లో మన దేశపు వైద్యులే ఒక పేరు పెట్టారు: టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ (పూత స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం), క్లుప్తంగా టీఎస్‌డీఎఫ్. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాలకు ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే, 433 మంది అప్పటికే ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. అంటే దాదాపు 15 శాతం. వాళ్లలో సగానికి పైగా మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. పక్కింటివాళ్లు, స్నేహితులు, బ్యూటీ పార్లర్, షాపు కౌంటరు. రంగు తేలడానికీ, గెడ్డం గీసుకున్నాక మంట తగ్గడానికీ రాసుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు.

ట్యూబు మీద అక్షరాలు చదవడం

డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరు ఏమీ చెప్పదు. వెనకవైపు సన్నక్షరాల్లో ‘కంపోజిషన్’ అని ఉండే చోటే చూడాలి. స్టెరాయిడ్ల పేర్లు సాధారణంగా మూడు నాలుగు రకాలుగా ముగుస్తాయి. బీటామెథాసోన్, మొమెటాసోన్, డెక్సామెథాసోన్, ఫ్లూటికాసోన్ లాంటివి ‘సోన్’తో. క్లోబెటాసోల్, హాలోబెటాసోల్ లాంటివి ‘సోల్’తో. ఫ్లూసినోలోన్ అసిటోనైడ్, ఫ్లూసినోనైడ్, డెసోనైడ్ లాంటివి ‘నైడ్’తో. ఒక చోట పొరపాటు తేలిగ్గా జరుగుతుంది: కీటోకొనజోల్, లులికొనజోల్, క్లోట్రిమజోల్ అనే ‘జోల్’ మందులు స్టెరాయిడ్లు కావు, ఫంగస్ మందులు. సోల్, జోల్ అని ఒక్క అక్షరం తేడా. ముఖం మీద ఫలితం మాత్రం పూర్తిగా ఎదురు.

పేరు పక్కనున్న శాతం చూసి బలాన్ని అంచనా వేయడం ఇంకో సాధారణ పొరపాటు. హైడ్రోకార్టిసోన్ 1 శాతం ఈ కుటుంబంలో అన్నిటికన్నా మెత్తనిది. క్లోబెటాసోల్ 0.05 శాతం అన్నిటికన్నా ఘాటైన తరగతిలో ఉంది. అంకె ఇరవై రెట్లు చిన్నదైనా మందు ఎన్నో రెట్లు పెద్దది. క్లోబెటాసోల్‌ను శరీరంలో ఎక్కడైనా వరసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడవద్దనీ, ముఖానికి వాడవద్దనీ దాని వాడకపు సూచనల్లోనే ఉంటుంది.

మంగుకు వాడే మూడు మందుల మిశ్రమం గురించి వేరుగా చెప్పాలి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినాయిన్ 0.1 శాతం, డెక్సామెథాసోన్ 0.1 శాతం కలిపి మెలనిన్ మచ్చల మీద వాడి చూపారు. ఇప్పుడు మన షాపుల్లో ఎక్కువగా దొరికేది హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం ఉన్న రకం. డాక్టరు పర్యవేక్షణలో, మంగు ఉన్న చోట మాత్రమే, కొద్ది వారాలకు పరిమితమైన మందు ఇది. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని మొత్తం ముఖానికి ఫేస్ క్రీములా పూసే అలవాటు దీనికి అంటుకుంది. మొటిమ వదిలిన ఎరుపు మీద ఇది రాస్తే స్టెరాయిడ్ నాళాలను ముడుస్తుంది, ట్రెటినాయిన్ పొట్టు రేపుతుంది, హైడ్రోక్వినోన్ రంగు తగ్గిస్తుంది. మూడూ కలిసి నెలరోజులు ముఖాన్ని నిగనిగలాడిస్తాయి. ఆ తర్వాత వచ్చే ఎరుపు మొదటిదానికన్నా వెడల్పుగా ఉంటుంది.

చట్టం ఈ విషయంలో ఆలస్యంగానైనా కదిలింది. షెడ్యూల్ హెచ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ ఆ షెడ్యూల్‌లో పైపూత మందులకు ఉన్న మినహాయింపు వల్ల స్టెరాయిడ్ క్రీములు చాలాకాలం దాని పట్టులోంచి జారిపోయాయి. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ ఔషధాల జాబితాలో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు ఒకే ట్యూబులో కుక్కిన క్రీములు కూడా కొన్ని ఉన్నాయి. కాగితం మీద పట్టు బిగిసింది, కౌంటరు దగ్గర అంతగా బిగియలేదు. ఇక సెలవుకు వచ్చిన అమెరికా తెలుగువాళ్ల సూట్‌కేసుల్లో పచ్చళ్ల పక్కన ఈ ట్యూబులూ ప్రయాణం చేస్తుంటాయి. అక్కడ చీటీ లేకుండా దొరికేది హైడ్రోకార్టిసోన్ 1 శాతం వరకే.

మొటిమ వదిలిన ఎరుపు

ఇరవైల్లో ఉన్నవాళ్ల ముఖం మీద నిలిచే ఎర్ర మచ్చల్లో ఎక్కువ భాగం ఇదే. మొటిమ ఆరిపోతుంది, గాయం మాన్పడానికి వచ్చిన నాళాలు మాత్రం వెంటనే వెనక్కి వెళ్లవు. ఏమీ రాయకపోయినా నెలల్లో మెల్లగా తగ్గుతుంది. అయితే ఒక మచ్చ మానేలోపు పక్కనే రెండు కొత్త మొటిమలు వస్తే మచ్చల సంఖ్య ఎప్పటికీ అంతే ఉంటుంది. అందుకే మచ్చకు మందు వెతకడం కన్నా కొత్త మొటిమ రాకుండా ఆపడం ఎక్కువ ఫలితమిస్తుంది.

దీనికి పునాది అడాపలిన్ 0.1 శాతం జెల్. అమెరికాలో ఇది 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా ఓ ఇరవై నిమిషాలు ఆగి, బఠాణీ గింజంత జెల్‌ను నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పలచగా పరచాలి. మచ్చల మీద మాత్రమే రాయడం తప్పు. ఇంకా పైకి తేలని మొటిమలను ఆపడమే దీని పని కాబట్టి మొటిమలు వచ్చే ప్రాంతమంతా రాయాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాస్తే చాలు. రెండో వారానికి పొట్టు, మంట, కాస్త ఎరుపు వస్తాయి. సరిగ్గా ఇక్కడే చాలామంది ‘పడలేదు’ అని ఆపేసి, షాపుకు వెళ్లి మూడు రోజుల్లో తగ్గించే ట్యూబు తెచ్చుకుంటారు. ఆ మంట సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. తట్టుకోలేకపోతే ముందు మాయిశ్చరైజర్ రాసి దానిపైన జెల్ రాయవచ్చు.

పగటి పూట బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం తోడుగా పనికొస్తుంది. 5 శాతంతో ఫలితం అంతగా పెరగదు, మంట పెరుగుతుంది. ఇది దిండు గలీబులనూ తువ్వాళ్లనూ తెల్లగా మార్చేస్తుందని ముందే తెలిసి ఉండడం మంచిది. అడాపలిన్ బదులు ట్రెటినాయిన్ వాడుతుంటే రెండింటినీ ఒకేసారి పూయకూడదు, పెరాక్సైడ్ చాలా రకాల ట్రెటినాయిన్‌ను దెబ్బతీస్తుంది.

ఎరుపూ గోధుమ రంగూ కలిసి ఉన్న మచ్చలకు, అంటే మనలో ఎక్కువమందికి, అజెలాయిక్ యాసిడ్ మంచి ఎంపిక. 15 శాతం జెల్‌గా, 20 శాతం క్రీముగా దొరుకుతుంది. వాపును తగ్గిస్తుంది, మెలనిన్ తయారీని నెమ్మదింపజేస్తుంది, మొటిమల బ్యాక్టీరియా మీదా పనిచేస్తుంది. రాసిన కొద్ది నిమిషాలకు చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది, కాసేపట్లో పోతుంది. మొదటి రెండు వారాలు రాత్రి మాత్రమే, తర్వాత రెండు పూటలా. ఫలితం తేల్చుకోవడానికి 12 వారాలు ఇవ్వాలి. గర్భిణులు అడాపలిన్, ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ మానాలి. అజెలాయిక్ యాసిడ్ వాళ్లకూ సురక్షితమని డాక్టర్లు రాస్తుంటారు.

రోజేషియా: తగ్గించే క్రీము, దాచే క్రీము

ముప్పై దాటాక బుగ్గలు, ముక్కు, గడ్డం మధ్యభాగం తరచు కందిపోయి, ఆ కందు మెల్లగా స్థిరపడిపోతే రోజేషియా అయివుండవచ్చు. పైన చిన్న గుల్లలు లేస్తాయి కాబట్టి మొటిమలని పొరబడతారు. మొటిమల్లో ఉండే నల్ల మొనలు ఇందులో ఉండవు. పొయ్యి దగ్గరి సెగ, మే నెల ఎండ, పొగలు కక్కే టీ, పచ్చిమిర్చి కారం, మద్యం, ముఖానికి ఆవిరి పట్టడం దీన్ని రేపుతాయి. ముఖం శుభ్రపడుతుందని పార్లర్‌లో ఆవిరి పట్టించుకున్నవాళ్లు రెండు రోజులు ఎర్రబడి తిరగడం ఇందుకే.

గుల్లలూ వాపూ ఉన్న రకానికి మెట్రోనిడజోల్ 0.75 శాతం జెల్ రెండు పూటలా, లేదా ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము రాత్రి ఒకసారి, లేదా అజెలాయిక్ యాసిడ్ 15 శాతం వాడతారు. ఐవర్‌మెక్టిన్‌కు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. డెమోడెక్స్ కీటకాల మీద, వాపు మీద అది పనిచేస్తుంది. నుదురు, ముక్కు, గడ్డం, రెండు బుగ్గలు అనే ఐదు చోట్లకూ ఒక్కో చోటికి బఠాణీ గింజంత చొప్పున రాస్తారు. దీనికీ 12 వారాల గడువు ఇవ్వాలి.

బ్రిమోనిడిన్ 0.33 శాతం జెల్, ఆక్సీమెటజోలిన్ 1 శాతం క్రీము వేరే జాతివి. 2013లో ఒకటి, 2017లో ఇంకొకటి అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి నాళాల గోడల కండరాన్ని బిగించి ఎరుపును కొన్ని గంటలపాటు దాచుతాయి. బ్రిమోనిడిన్ అరగంటలో పని మొదలుపెట్టి, మూడు నుంచి ఆరు గంటల మధ్య బాగా కనిపించి, సాయంత్రానికి దిగిపోతుంది. దిగేటప్పుడు కొందరిలో ఉదయం కన్నా ఎక్కువ ఎరుపు పొంగుకొస్తుంది. స్టెరాయిడ్‌లా చర్మాన్ని పలచబరచదు గానీ, పొంగు మాత్రం అదే తరహాది. తొలిసారి ఏదో వేడుక రోజు ఉదయం ముఖమంతా పూయడం కన్నా, తీరికున్న రోజున చిన్న చోట రాసి చూడడం తెలివి. దారపు పోగుల్లా స్థిరపడ్డ నాళాలకు ఈ క్రీములేవీ చాలవు. అక్కడ లేజరు పని.

పొట్టు, గుల్ల, అంచు

సెబోరిక్ డెర్మటైటిస్‌కు కీటోకొనజోల్ 2 శాతం క్రీము రోజుకు రెండు పూటలా రెండు నుంచి నాలుగు వారాలు సరిపోతుంది. తలలో చుండ్రును వదిలేసి కనుబొమలకు మాత్రమే రాస్తే నెలలో తిరిగొస్తుంది. కీటోకొనజోల్ షాంపూను తలకు రాసి ఐదు నిమిషాలుంచి కడగడం కూడా చికిత్సలో భాగమే. ఎలాగూ ఇది మళ్లీ మళ్లీ వచ్చే స్వభావమున్నదే. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అదే మందు వాడడంలో ఇబ్బంది లేదు, దాని స్థానంలోకి స్టెరాయిడ్ శాశ్వతంగా చేరితేనే ఇబ్బంది.

పెరియోరల్ డెర్మటైటిస్‌కు మొదటి మందు, ముఖానికి రాసేవన్నీ మానేయడం. స్టెరాయిడ్, చిక్కటి క్రీములు, ఫౌండేషన్, అన్నీ. గోరువెచ్చని నీళ్లు మాత్రమే. కొందరిలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టు కూడా రేపుతుంది. దీని మీద స్టెరాయిడ్ రాస్తే అద్భుతంగా తగ్గి, ఆపిన వారంలో రెట్టింపై వస్తుంది.

ముఖం మీద తామర ఇప్పుడు పాత తామరలా కనిపించడం లేదు. గుండ్రటి అంచు, మధ్యలో తేటదనం అనే పాఠ్యపుస్తకపు రూపం స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయగానే చెదిరిపోతుంది. పొట్టు రాలడం ఆగుతుంది, దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం నిశ్శబ్దంగా పాకుతుంది. చివరికి మొటిమలా, ఎగ్జిమాలా, ఎండకు కందినట్టు, ఇలా ఏ రూపంలోనైనా ఉంటుంది. దీని మీద ఇంకో దెబ్బ: దేశమంతటా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం. 2020లో ఈ పేరు పొందిన దీనిలో, మామూలుగా వాడే ఫంగస్ మందు టర్బినాఫిన్‌కు లొంగని జాతులు చాలా ఉన్నాయి. ఫంగస్ అని తేలితే లులికొనజోల్ లాంటి క్రీమును అంచుకు రెండు సెంటీమీటర్ల అవతలి దాకా రాయాలి, పైకి మాయమయ్యాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. గెడ్డం వెంట్రుకల్లోకి పాకితే క్రీము వేళ్లదాకా దిగదు, మాత్రలు కావాలి. పొట్టును గీకి మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష కొద్ది నిమిషాల పని. రెండు నెలలుగా తగ్గని మచ్చకు మూడో ట్యూబు కొనేముందు అది చేయించడం చవక.

నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా గురించి ఒక్క మాట. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్ల చారలు మిగులుతాయి. మిగతా రెండూ చర్మం పైపొరను దెబ్బతీస్తాయి.

ఎంత, ఏ వరుసలో

ట్యూబు మూతి నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము సుమారు అర గ్రాము. ముఖానికీ మెడకూ కలిపి అలాంటివి రెండున్నర చాలు. ఈ లెక్క మాయిశ్చరైజర్, ఫంగస్ మందుల లాంటివాటికి. అడాపలిన్, ట్రెటినాయిన్‌లకు బఠాణీ గింజ కొలతే, ఎక్కువ రాస్తే మంట పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. సన్‌స్క్రీన్ దగ్గర మాత్రం జనం ఎప్పుడూ తక్కువే రాస్తారు. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి పొడవునా పిండినంత ముఖానికీ మెడకూ కావాలి, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. కడగడం, మందు, మాయిశ్చరైజర్, పగలైతే సన్‌స్క్రీన్: ఇదీ వరుస. ఒకేసారి రెండు కొత్త క్రీములు మొదలుపెడితే, మండినప్పుడు దేని వల్లో తెలియదు. రెండింటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

స్టెరాయిడ్ నుంచి బయటపడడం

పది పదిహేను రోజులే రాసినట్టయితే నేరుగా ఆపవచ్చు. నెలల తరబడి రాసినవాళ్లకు ఆపిన కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు ఎరుపు, వాపు, మంట, గుల్లలు ఒక్కసారిగా పొంగుతాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఎవరూ ఆగలేరు. ఘాటైన రకాన్ని ఎక్కువ కాలం వాడినవాళ్లకు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ లాంటి మెత్తని రకానికి దించి, రోజు విడిచి రోజు చేసి, మెల్లగా మానిపిస్తారు. కొందరికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఇస్తారు. ఇది చర్మాన్ని పలచబరచకుండా వాపును తగ్గిస్తుంది, మొదటి వారం రాసినచోట వేడిగా మండుతుంది. గుల్లలు ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు, గర్భిణులకూ చిన్నపిల్లలకూ తప్ప. మిగతాదంతా కాలం చేసే పని: సువాసన లేని మాయిశ్చరైజర్, సబ్బుకు బదులు మెత్తని క్లెన్సర్, ఎండ నుంచి కాపు. బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్ ఈ కాలంలో పనికిరావు. సర్దుకోవడానికి నెలలు పడుతుంది. పైకి తేలిన నాళాలు కొన్ని మిగిలిపోవచ్చు.

ముఖం మీద కనిపించినా చర్మానికే పరిమితం కానివి

ఎండలో పెరిగే సీతాకోకచిలుక ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, విడవని జ్వరం, నోటిలో పుళ్లు, జుట్టు రాలడం ఉంటే, ముఖ్యంగా యువతుల్లో, లూపస్ అనుమానం తేల్చుకోవడానికి ఏఎన్ఏ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించాలి. లూపస్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు. స్టెరాయిడ్ క్రీము బుగ్గను తేటపరిచి ఆ హెచ్చరికను చెరిపేస్తుంది.

కుష్ఠును కూడా మరిచిపోకూడదు. కొద్దిగా ఎర్రగానో, పాలిపోయో, దురద లేకుండా, మందులకు కదలకుండా ఉన్న మచ్చ దీనిదై ఉండవచ్చు. స్పర్శ తగ్గడం దీని గుర్తు, అయితే ముఖానికి నాడుల పంపిణీ దట్టం కాబట్టి అక్కడి మచ్చలో స్పర్శ మిగిలి ఉండవచ్చు. స్పర్శ ఉంది కదా అని కొట్టిపారేయలేం. పరీక్ష, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో కోర్సు. కంటి దగ్గరున్న అలాంటి మచ్చ హఠాత్తుగా ఎర్రబడి వాచితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెప్ప మూసే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది.

స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబులన్నీ, అయిపోయి నొక్కుకుపోయినవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లాలి. మొదలైనప్పటి ముఖం పగటి వెలుతురులో తీసిన ఫొటో ఫోనులో ఉంటే అదీ చూపాలి. ఆ ఉదయం ముఖానికి ఏమీ రాయకుండా వెళ్తే పొట్టు గీకి పరీక్షించడానికి వీలవుతుంది.